మానసిక రుగ్మతలు, థెరపీలు: నన్ను అందరూ అడిగే ప్రశ్నలు, నాకు తెలిసిన జవాబులు

ముందే చెప్పేస్తున్నాను, నేను డాక్టర్ని కాదు, సైకాలజిస్ట్‌నీ కాదు. పానిక్ డిజార్డర్‌తో, అంటే కారణం లేకుండా ఉన్నట్టుండి విపరీతమైన భయం వచ్చిపడే రుగ్మతతో, దాదాపు రెండేళ్లు అవస్థపడి, థెరపీ చేయించుకుని బయటపడ్డ మనిషిని. ఆ రోజుల్లోనూ తర్వాతా చేతికి దొరికిందల్లా చదివాను, అడగాల్సినవాళ్లని విసిగించి మరీ అడిగాను. ఈ సంగతి నలుగురికీ తెలిసినప్పటి నుంచి ఎవరో ఒకరు ఫోన్ చేసి, గొంతు తగ్గించి, "మా స్నేహితుడికట" అంటూ మొదలుపెట్టి ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. ప్రతిసారీ మొదట్నుంచీ చెప్పలేక ఒకచోట రాసిపెడుతున్నాను.

నాకున్నది మామూలు బాధా, రుగ్మతా? ఎలా తెలుసుకోవాలి?

మూడు సంగతులు చూసుకోండి. ఎన్నాళ్ల నుంచి ఉంది, రోజువారీ పనులకి ఎంత అడ్డుపడుతోంది, మీరు వద్దనుకున్నా మీ చేతుల్లో లేకుండా పోతోందా.

ఉద్యోగం పోయి వారం రోజులు అన్నం సహించకపోతే అది బాధ, మనిషన్నాక ఉంటుంది. అదే దిగులు రెండు వారాలు దాటి, రోజులో ఎక్కువ సేపు, దాదాపు ప్రతిరోజూ ఉంటూ, దాంతోపాటు నిద్ర చెడిపోవడం, ఆకలి తగ్గడమో విపరీతంగా పెరగడమో, ఒంట్లో సత్తువ లేకపోవడం, దేనిమీదా మనసు నిలవకపోవడం, నేను దేనికీ పనికిరానన్న ఆలోచన, చచ్చిపోతే బావుండుననిపించడం లాంటివి కలిస్తే అప్పుడు డాక్టర్లు డిప్రెషన్ అనే మాట వాడతారు. వాళ్ల లెక్కలో 9 లక్షణాలున్నాయి, కనీసం 5 ఉండాలి, అందులో ఒకటి తప్పనిసరిగా దిగులైనా కావాలి, ఇంతకుముందు ఇష్టమైనవాటి మీద ఆసక్తి చచ్చిపోవడమైనా కావాలి. ఈ రెండోదాన్ని చాలామంది పట్టించుకోరు. "నేనేం ఏడవడం లేదే, నాకు డిప్రెషన్ ఏంటి" అంటారు. ఏడుపు రాకపోవచ్చు. ఏదీ రాకపోవడమే సమస్య కావచ్చు.

టెన్షన్ విషయంలోనూ అంతే. రేపు పరీక్ష ఉంటే ఈ రాత్రి గుండె దడదడలాడడం జబ్బు కాదు. ఆర్నెల్ల పాటు, ఎక్కువ రోజులు, ఒకదాని తర్వాత ఒకటి పట్టుకుని, ఆపుదామన్నా ఆగకుండా బెంగపడుతూ, దానివల్ల నిద్రా పనీ చెడుతుంటే దానికో పేరుంది, జనరలైజ్డ్ యాంగ్జైటీ డిజార్డర్. ఈ రెండు వారాలు, ఆర్నెల్లు అనే గీతలు మనుషులు కూర్చుని గీసినవే. బీపీ ఫలానా అంకె దాటితే జబ్బు అన్నట్టే. అంకెకి ఇవతల ఉన్నారు కాబట్టి సాయం అడగకూడదని కాదు.

రక్తపరీక్షలోనో స్కానింగ్‌లోనో కనిపెట్టలేరా?

లేరు, ఇప్పటికైతే. డిప్రెషన్‌ని గానీ బైపోలార్‌ని గానీ ఖాయంగా తేల్చే రక్తపరీక్ష లేదు. మాట్లాడి, చరిత్ర అడిగి, చూసి చెప్పాల్సిందే.

అయినా మంచి డాక్టరైతే రక్తపరీక్షలు రాస్తారు, అది వేరే కారణానికి. థైరాయిడ్ తక్కువగా పనిచేస్తే మనిషి అచ్చం డిప్రెషన్‌లో ఉన్నట్టే ఉంటాడు. ఎక్కువగా పనిచేస్తే గుండెదడ, చేతులు వణకడం, చెమటలు, అంటే అచ్చం యాంగ్జైటీ. బీ12 లోపం, రక్తహీనత, కొన్ని రకాల మందులు, మద్యం, ఇవన్నీ మనసు జబ్బు వేషం వేసుకుని వస్తాయి. ముందు వాటిని తీసేయాలి.

నా విషయంలో అటుది ఇటు జరిగింది. నాలుగుసార్లు ఈసీజీ తీశారు, నాలుగుసార్లూ నార్మలే. నాలుగోసారి ఆ డాక్టరుగారు నా మొహం కూడా చూడకుండా "ఏం లేదు, టెన్షన్ తగ్గించుకోండి" అని నిద్రమాత్రలు రాసి పంపించారు. ఏం లేదంటే గుండెలో ఏం లేదని. నాకేమో ఏదో ఉంది. ఆ ఉన్నదాని పేరు తెలియడానికి ఇంకో ఎనిమిది నెలలు పట్టింది.

పానిక్ ఎటాక్ వస్తే ఎలా ఉంటుంది?

నాకు మొదటిసారి లిఫ్ట్‌లో వచ్చింది. నాలుగో అంతస్తుకీ ఐదుకీ మధ్య, కారణమేమీ లేకుండా గుండె ఒక్కసారి తన్నింది. తర్వాత వేళ్ల చివర్లు తిమ్మిరెక్కాయి, పెదాల చుట్టూ జివ్వుమంది, ఊపిరి లోపలికి వెళ్తున్నా చాలట్లేదనిపించింది. ఎదురుగా ఉన్న బటన్లు నిజం కానట్టు, నేను అక్కడ లేనట్టు అనిపించింది. చచ్చిపోతున్నాననుకున్నాను. అతిశయోక్తి కాదు, ఇంట్లో ఎవరికి ఏం చెప్పాలో కూడా ఆలోచించాను.

జరిగిందేమిటంటే, శరీరంలో ప్రమాద ఘంటిక ఉత్తినే మోగింది. ఎదురుగా పులి ఉంటే ఏం కావాలో అదంతా జరిగిపోయింది: అడ్రినలిన్, గుండె వేగం, గబగబా ఊపిరి. అవసరానికి మించి ఊపిరి పీల్చి వదిలేస్తుంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. ఆ తిమ్మిరీ తల తిరగడమూ అందుకే. ఆక్సిజన్ తక్కువై కాదు. ఎటాక్ కొన్ని నిమిషాల్లోనే శిఖరానికి వెళ్లి, తర్వాత దానంతటదే దిగుతుంది. పడిపోతామని భయం వేస్తుంది గానీ, బీపీ పెరిగి ఉంటుంది కాబట్టి స్పృహ తప్పడం అరుదు. రక్తం చూస్తేనో సూది చూస్తేనో భయపడేవాళ్లు మాత్రం నిజంగానే పడిపోవచ్చు, వాళ్లకి బీపీ పడిపోతుంది. వాళ్లకి కాళ్లూ చేతుల కండరాలు బిగబట్టి బీపీ పడిపోకుండా చూసుకునే పద్ధతి నేర్పిస్తారు.

ఒక్క హెచ్చరిక. మొదటిసారి ఛాతీలో నొప్పి వస్తే ఇది పానిక్కే అని మీరే తేల్చేసుకోకండి. గుండె సంగతి ఒకసారి చూపించుకోండి.

ఒకటో రెండో ఎటాక్‌లు వస్తే అది రుగ్మత కాదు. మళ్లీ వస్తుందేమో అన్న భయం నెల దాటి వెంటాడుతూ, లిఫ్ట్ మానేసి, తర్వాత బస్సు మానేసి, తర్వాత ఒంటరిగా బయటికి వెళ్లడం మానేస్తే అప్పుడది పానిక్ డిజార్డర్. నేను మూడూ మానేశాను.

అంటే ఇవన్నీ పిచ్చేనా?

ఈ ఒక్క మాట ఎంతమందిని డాక్టర్ దాకా వెళ్లనివ్వకుండా ఆపిందో. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ప్రపంచంలో ప్రతి 8 మందిలో ఒకరికి, అంటే 97 కోట్ల మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉంది. అందులో ఎక్కువ భాగం యాంగ్జైటీ, డిప్రెషన్. వీళ్లు ఆఫీసుకి వెళ్తారు, పిల్లల్ని బడికి పంపుతారు, జోకులేస్తారు.

పేర్ల విషయంలో మాత్రం చాలా గందరగోళం ఉంది. స్కిజోఫ్రీనియా అంటే ఒక మనిషిలో ఇద్దరు ఉండడం కాదు. 1908లో బ్లాయిలర్ అనే స్విస్ డాక్టర్ పెట్టిన ఆ పేరుకి మనసు చీలడం అనే అర్థం వస్తుంది, ఆలోచనకీ భావానికీ మధ్య పొత్తు తెగిపోవడం ఆయన ఉద్దేశం. అక్కడి నుంచి జనం రెండు వ్యక్తిత్వాల కథ అల్లేశారు. నిజంగా జరిగేది ఏమిటంటే, లేని గొంతులు వినిపించడం, ఎవరో తనమీద కుట్ర చేస్తున్నారని గట్టిగా నమ్మడం, మాట ఒకదానికొకటి అతకకపోవడం, వాటికంటే మెల్లగా మనిషిని తినేసేది, దేనికీ ముందుకు కదలలేకపోవడం. బైపోలార్ అంటే పొద్దున సంతోషం సాయంత్రం కోపం కాదు. ఉత్సాహం విపరీతంగా పెరిగిపోయి, రాత్రి రెండు గంటలు పడుకున్నా అలసట లేకుండా, డబ్బు మంచినీళ్లలా ఖర్చుపెట్టేస్తూ, ఆ స్థితి కనీసం వారం ఉంటే దాన్ని మేనియా అంటారు. దాని తర్వాతో ముందో లోతైన డిప్రెషన్.

ఇక ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్), వద్దన్నా వచ్చే ఆలోచనలు, వాటిని అణచడానికి పదేపదే చేసే పనులు. దీనిమీద నాకు కొంచెం కోపం ఎక్కువే. బల్లమీద పెన్నులు వరసగా పెట్టుకుని "నాకు ఓసీడీ" అనేవాళ్లని చూస్తే, గ్యాస్ కట్టేశానా లేదా అని ఇరవైసార్లు వెనక్కి వెళ్లి, చేతులు చర్మం పగిలేదాకా కడిగి, ఇది అర్థంలేని పని అని తెలిసి సిగ్గుపడుతూనే మళ్లీ కడిగే మనిషి గుర్తొస్తారు నాకు. శుభ్రత కూడా కాకపోవచ్చు. పసిబిడ్డని ఎత్తుకున్న తల్లికి "ఈ బిడ్డకి నేనే ఏదైనా చేసేస్తానేమో" అన్న ఆలోచన వచ్చి వణికిపోవడం కూడా ఓసీడీలో భాగం కావచ్చు. ఆ తల్లి ప్రమాదకరమైన మనిషి కాదు. ఆ ఆలోచనంటే ఆమెకే అసహ్యం, అందుకే అంత వణుకు. ఈ సంగతి తెలియక ఎవరికీ చెప్పుకోలేక ఏళ్ల తరబడి నలిగిపోయేవాళ్లున్నారు.

ఎందుకు వస్తాయి? నా తప్పేమైనా ఉందా?

లేదు. ఒకే కారణం కూడా లేదు. వంశం పాత్ర ఉంది కానీ అదే రాత కాదు. ఒకేలా పుట్టిన కవలల్లో ఒకరికి స్కిజోఫ్రీనియా ఉంటే, జన్యువులు దాదాపు అవే అయినా, రెండోవాళ్లకి వచ్చేది దాదాపు సగం మందికో, ఇంకా తక్కువ మందికో. మిగతాది బాల్యంలో పడిన దెబ్బలు, ఒంటరితనం, అప్పులు, జబ్బులు, గంజాయి లాంటి మత్తులు, ఒక్కోసారి ఏమిటో తెలియని దురదృష్టం.

"మెదడులో సెరటోనిన్ తక్కువైంది, అంతే" అనే వివరణ మీరూ వినే ఉంటారు. సెరటోనిన్ అంటే మెదడు కణాల మధ్య సందేశాలు మోసే రసాయనాల్లో ఒకటి. చెప్పడానికి సులువు, అందుకే అంత పాకింది. కానీ షుగర్ జబ్బులో ఇన్సులిన్ తగ్గినంత సూటి సంగతి కాదిది. మందు పనిచేస్తోంది కాబట్టి ఆ మందు పెంచే పదార్థం తక్కువవడమే జబ్బుకి కారణం అనుకుంటే, తలనొప్పికి కారణం శరీరంలో ఆస్పిరిన్ తగ్గడమే అనాలి.

ఏది రుగ్మతో ఎవరు నిర్ణయిస్తారు?

రెండు పెద్ద పుస్తకాలున్నాయి. ఒకటి ప్రపంచ ఆరోగ్య సంస్థది, ఐసీడీ, దాని 11వ కూర్పు 2022 నుంచి అమల్లో ఉంది. రెండోది అమెరికా సైకియాట్రిస్టుల సంఘం వేసేది, డీఎస్ఎం, 2013లో ఐదో కూర్పు, 2022లో దాని సవరణ వచ్చాయి. వీటిని దైవవాక్కు అనుకోనక్కర్లేదు. స్వలింగ ఆకర్షణని అమెరికా సంఘం 1973లో రుగ్మతల జాబితా నుంచి తీసేసింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో. అంటే అంతకుముందు దాకా ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి జబ్బు ముద్ర వేశారన్నమాట. అందుకే నిర్ధారణని నేను ఒక చిరునామాలాగా చూస్తాను. ఎటు వెళ్లాలో చెబుతుంది, మీరెవరో చెప్పదు.

సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లాలా, సైకాలజిస్ట్ దగ్గరికా?

సైకియాట్రిస్ట్ అంటే డాక్టరు చదువు చదివి మనసు జబ్బుల్లో ప్రత్యేక శిక్షణ పొందినవారు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్ట్ మనస్తత్వ శాస్త్రం చదివి పరీక్షలు, థెరపీ చేస్తారు, చాలాచోట్ల మందులు రాయరు. కౌన్సెలర్ అనే మాట మాత్రం జాగ్రత్త. మంచి శిక్షణ ఉన్నవాళ్లూ ఉన్నారు, వారాంతపు కోర్సు చేసి బోర్డు పెట్టినవాళ్లూ ఉన్నారు. ఏం చదివారు, ఎవరి పర్యవేక్షణలో నేర్చుకున్నారు, నా సమస్యకి ఏ పద్ధతి వాడతారు అని అడగండి. అడిగితే ఎవరైనా నొచ్చుకున్నారంటే మీకు జవాబు దొరికినట్టే.

గొంతులు వినిపించడం, మేనియా, తిండి నిద్ర పూర్తిగా మానేయడం, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన ఉంటే ముందు సైకియాట్రిస్టే.

థెరపీ అంటే కూర్చుని మాట్లాడడమేగా? ఆ మాత్రానికి స్నేహితుడు చాలడా?

నేనూ ఇదే అన్నాను, ఇంకా వెటకారంగా. అందుకని నా నాలుగో సెషన్ చెబుతాను.

థెరపిస్ట్ నా చేతికి ఒక సన్నటి స్ట్రా ఇచ్చారు. ముక్కు మూసుకుని నిమిషం పాటు దాంట్లోంచే ఊపిరి పీల్చమన్నారు. తర్వాత తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి గిర్రున తిప్పారు. తర్వాత ఉన్నచోటే పరుగెత్తమన్నారు. ఒక్కోదాని తర్వాత, ఎంత భయం వేసింది, పదికి ఎంత, పానిక్‌లో వచ్చేదానికి ఇది ఎంత దగ్గరగా ఉంది అని రాసుకున్నారు. స్ట్రాకి నేను 8 ఇచ్చాను. "అయితే ఇంట్లో రోజూ ఇదే చేయండి, భయం వేయగానే ఆపేయడం కాదు, భయం ఉండగానే కొనసాగించాలి" అన్నారు. నాకైతే ఈవిడకేమైనా తేడా ఉందా అనిపించింది. పన్నెండో రోజుకి అదే స్ట్రాకి 3 వేశాను. నా గుండెదడ నన్ను చంపదని చదివి తెలుసుకోవడం వేరు, ఒంటికి తెలియడం వేరు. ఒంటికి మాటలతో చెప్పలేం, చేసి చూపించాల్సిందే.

స్నేహితుడు ఏం చేస్తాడు? "భయపడకురా, నేనున్నాగా, పద మెట్లెక్కి వెళ్దాం" అంటాడు. ప్రేమతోనే అంటాడు. లిఫ్ట్ తప్పించిన ప్రతిసారీ, లిఫ్ట్ నిజంగానే ప్రమాదం, తప్పించుకున్నాం కాబట్టి బతికాం అని నా మెదడు పాఠం నేర్చుకుంటుంది. తప్పించుకోవడమే జబ్బుకి మేత. థెరపీలో జరిగేది ఆ మేత ఆపడం. స్నేహితులు వద్దని కాదు, వాళ్లు లేకపోతే నేను ఆ రెండేళ్లు ఈదేవాణ్ణి కాదు. పనులు వేరు, అంతే.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, కుందేలంటే భయపడే పీటర్ అనే చిన్న పిల్లవాడికి, తనకిష్టమైనది తింటూ ఉండగా కుందేలుని రోజుకి కొంచెం కొంచెం దగ్గరికి తెస్తూ పోయారు. చివరికి వాడు దాన్ని నిమిరాడు.

సీబీటీ అంటున్నారు, దాంట్లో ఏం చేయిస్తారు?

పూర్తి పేరు కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ. ఆలోచన, భావం, ప్రవర్తన, ఈ మూడూ ఒకదాన్నొకటి లాగుతుంటాయి, ఎక్కడో ఒకచోట పట్టుకుంటే మిగతావీ కదులుతాయి అన్నది దాని మూలం. అమెరికా సైకియాట్రిస్ట్ ఆరన్ బెక్ 1960లలో దీనికి రూపం ఇచ్చారు. ఆయన మొదట ఫ్రాయిడ్ దారిలో, మనసు అడుగున దాగినవాటిని తవ్వే సైకో అనాలిసిస్ నేర్చుకున్న మనిషి. డిప్రెషన్ అంటే లోపలికి తిరిగిన కోపం అన్న సిద్ధాంతాన్ని రుజువు చేద్దామని రోగుల కలలు పరిశీలిస్తే, అందులో కోపం కంటే నష్టం, ఓటమి ఎక్కువ కనిపించాయి. అక్కడి నుంచి రోగుల తలలో ఉన్నట్టుండి మెరిసే ఆలోచనల మీద పడ్డారు. ఆయన 2021లో నూరేళ్ల వయసులో పోయారు.

ఒక చిన్న ఉదాహరణ. మీరు మెసేజ్ పెట్టారు, చూశారని తెలుస్తోంది, జవాబు లేదు. "నేనంటే లెక్కలేదు" అని తలలో మెరిసింది. దిగులు 70. దాన్ని కాగితం మీద పెట్టి, ఈ మాటకి సాక్ష్యం ఏంటి, దీనికి వ్యతిరేకంగా సాక్ష్యం ఏంటి, ఇంకే కారణమైనా ఉండొచ్చా, ఇదే మాట ఇంకొకళ్లు అంటే మీరేం చెబుతారు అని రాసుకుంటూ వెళ్తారు. చివరికి దిగులు 40కి దిగొచ్చు. సున్నా కాదు. దీన్ని "పాజిటివ్‌గా ఆలోచించు" అనే సలహాతో కలిపేస్తారు జనం, రెండింటికీ పోలికే లేదు. నిజంగానే అవతలివాళ్లు మిమ్మల్ని లెక్కచేయట్లేదని కూడా తేలొచ్చు, అప్పుడు దానికేం చేయాలో చూస్తారు.

డిప్రెషన్ బాగా ముదిరినవాళ్లతో ఆలోచనల జోలికి ముందు పోరు. ముందు పనులు మొదలుపెట్టిస్తారు. ఉత్సాహం వచ్చాక లేద్దామనుకుంటే అది రాదు, లేచాకే కొంచెం వస్తుంది. అందుకే "రేపు పది గంటలకి స్నానం" అన్నంత చిన్న పని రాసిస్తారు. బయటివాళ్లకి నవ్వులాటగా ఉంటుంది. ఆ స్నానం కొండెక్కినంత పని అని పడ్డవాళ్లకే తెలుసు.

ఓసీడీకీ ఇదేనా?

ఇందులోదే ఒక గట్టి రకం. భయపెట్టేదాన్ని ముట్టుకోవాలి, తర్వాత కడుక్కోకూడదు. 1966లో విక్టర్ మేయర్ అనే ఆయన ఇలా చేసి చూపించారు, అంతకుముందు ఓసీడీ దాదాపు మొండి జబ్బే. మొదట్లో నరకంలా ఉంటుందంటారు చేసినవాళ్లు. మెట్లు మెట్లుగా వెళ్తారు, మొదటిరోజే చెత్తబుట్టలో చెయ్యి పెట్టించరు. దీంట్లో ఆలోచనలతో వాదించడం పెద్దగా పనికిరాదు. ఓసీడీ వాదనలో ఎప్పుడూ గెలుస్తుంది.

మిగతా థెరపీల సంగతి?

డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ): అమెరికా సైకాలజిస్ట్ మార్షా లైనహన్ రూపొందించారు, తమని తాము గాయపరుచుకునేవాళ్ల కోసం, భావాలు ఉప్పెనలా మీద పడేవాళ్ల కోసం. ఆవిడ తనే పదిహేడేళ్ల వయసులో మానసిక ఆసుపత్రిలో ఉన్నానని 2011లో బయటపెట్టారు. మారాలి అనే ఒత్తిడీ, ఉన్నది ఉన్నట్టు ఒప్పుకోవడమూ రెండూ కలిసి నడుస్తాయి అందులో.

ఈఎండీఆర్: ఘోరమైన జ్ఞాపకాలు వెంటాడేవాళ్లకి, ఆ జ్ఞాపకాన్ని తలుచుకుంటూ కళ్లు అటూ ఇటూ కదిలించమంటారు. ఫ్రాన్సిన్ షపీరో 1987లో పార్కులో నడుస్తుండగా ఈ ఆలోచన వచ్చిందని చెప్పారు. పనిచేస్తుందనడానికి ఆధారాలు బాగానే ఉన్నాయి, పనిచేసేది కళ్లు కదిలించడమా, జ్ఞాపకాన్ని ధైర్యంగా ఎదుర్కోవడమా అన్నదాని మీద ఇంకా కొట్టుకుంటున్నారు. నాకు రెండోదే అనిపిస్తుంది.

సైకోడైనమిక్: పాత సంబంధాల్లో నేర్చుకున్న తీరు ఇప్పటి సంబంధాల్లో ఎలా తిరిగొస్తోందో మెల్లగా తవ్వడం. నిదానం, కొందరికి అదే కావాలి. స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లకి మందులతోపాటు ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి చేసే ఫ్యామిలీ థెరపీ వల్ల జబ్బు తిరగబెట్టడం తగ్గుతుంది. నిద్రలేమికి కూడా సీబీటీ ఉంది, అందులో పక్కమీద గడిపే సమయాన్ని తగ్గిస్తారు. నిద్ర పట్టనివాణ్ణి ఇంకా తక్కువ పడుకోమనడం ఏంటని తిట్టుకుంటారు, రెండు మూడు వారాల్లో ఎందుకో అర్థమవుతుంది.

మందులు మొదలుపెడితే జీవితాంతం వాడాలా? అలవాటైపోతాయా?

ఏ మందు అన్నదాన్నిబట్టి. డిప్రెషన్‌కీ యాంగ్జైటీకీ ఎక్కువగా రాసే ఎస్ఎస్ఆర్ఐలకి, అంటే సెరటోనిన్ మీద పనిచేసే మందులకి, మత్తుమందుల్లాంటి తహతహ ఉండదు. అవి పనిచేయడం మొదలవడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది, వికారం, తలనొప్పి లాంటి ఇబ్బందులు మాత్రం మొదటి వారంలోనే వస్తాయి. చాలామంది ఇక్కడే మానేస్తారు: కష్టం ముందొస్తుంది, సుఖం తర్వాత. లైంగిక ఆసక్తి తగ్గడం కూడా మామూలే, డాక్టరు అడక్కపోయినా మీరే చెప్పండి. పాతికేళ్ల లోపు వయసువాళ్లని మొదటి వారాల్లో దగ్గరగా కనిపెట్టుకుని ఉండాలి, కొందరిలో ఆత్మహత్య ఆలోచనలు పెరగొచ్చు. బాగైపోయింది కదా అని ఉన్నట్టుండి ఆపేస్తే తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం, చిరాకు వస్తాయి. డాక్టరుతో చెప్పి మెల్లగా తగ్గించుకోవాలి. మొదటిసారి డిప్రెషన్ అయితే, బాగయ్యాక కూడా ఇంకో ఆర్నెల్లైనా వాడమంటారు.

నిజంగా అలవాటయ్యేవి వేరే. అల్ప్రజోలం, క్లోనజెపాం జాతివి. పది నిమిషాల్లోనో అరగంటలోనో హాయినిస్తాయి, అదే వాటితో చిక్కు. కొద్దిరోజులకి అయితే పర్వాలేదు, నెలలు గడిస్తే శరీరం పట్టుకుంటుంది. నా నిద్రమాత్రలు ఈ జాతివే. వదిలించుకోవడానికి, ముక్కలు చేసుకుంటూ, మూడు నెలలు పట్టింది.

బైపోలార్‌కి లిథియం. 1949లో ఆస్ట్రేలియా డాక్టర్ జాన్ కేడ్ దీని గుణం కనిపెట్టారు. ఇప్పటికీ అంత బాగా పనిచేసేవి తక్కువ, ఆత్మహత్యలు కూడా తగ్గిస్తుంది. కాకపోతే మోతాదు కొంచెం ఎక్కువైనా విషమే, అందుకే రక్తంలో దాని స్థాయి, థైరాయిడ్, కిడ్నీలు చూసుకుంటూ ఉండాలి. బైపోలార్‌కీ స్కిజోఫ్రీనియాకీ మాత్రం మందులు చాలా ఏళ్లు, తరచూ జీవితాంతం కావాలి. బీపీకి వాడినట్టే.

మొదటి మందు పనిచేయలేదని నిరాశపడకండి. డిప్రెషన్ మందుల మీద స్టార్‌డీ అనే పెద్ద అధ్యయనం ఫలితాలు 2006లో వచ్చాయి, అందులో మొదటి మందుతో లక్షణాలు దాదాపు పూర్తిగా పోయినవాళ్లు సుమారు మూడోవంతు మందే. మార్చి చూడడం ఇందులో మామూలు పనే.

షాక్ ట్రీట్‌మెంట్ ఇంకా ఇస్తున్నారా? భయంగా లేదా?

ఇస్తున్నారు, సినిమాలో చూపించినట్టు కాదు. 1938లో ఇటలీలో చెర్లెట్టి, బీనీ మొదలుపెట్టినప్పుడు మత్తు లేదు, ఎముకలు విరిగిన సందర్భాలున్నాయి, శిక్షలాగా వాడిన చీకటి చరిత్రా ఉంది. ఇప్పుడు మత్తు ఇచ్చి, కండరాలు వదులయ్యే మందు ఇచ్చి చేస్తారు. మామూలుగా 6 నుంచి 12 సార్లు. తిండి నీళ్లు మానేసి బిగుసుకుపోయినవాళ్లకి, ఏ మందుకీ లొంగని డిప్రెషన్‌కి దీనంత బలంగా పనిచేసేది ఇంకోటి లేదంటే అతిశయోక్తి కాదు. జ్ఞాపకశక్తి దెబ్బతింటుంది, ఎక్కువ భాగం తిరిగొస్తుంది, ఆ రోజుల చుట్టుపక్కలవి కొన్ని రాకపోవచ్చు. దీన్ని దాచిపెట్టి ఒప్పించకూడదు. లోబోటమీతో మాత్రం కలపకండి, మెదడు కోసే ఆ పద్ధతికి 1949లో నోబెల్ కూడా ఇచ్చారు, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

దగ్గరివాళ్లు "బతకాలని లేదు" అంటున్నారు. ఆ మాట ఎత్తితే ఇంకా ఎక్కువవుతుందేమో?

అవదు. సూటిగా అడగండి. "చచ్చిపోవాలని అనిపిస్తోందా? ఎలా అని ఏమైనా అనుకున్నావా?" అని. అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదని పరిశోధనలు చెబుతున్నాయి. ఎవరో ఒకరు అడిగినందుకు గుండె బరువు దిగినవాళ్లే ఎక్కువ. "ఛ, అలా మాట్లాడకు" అంటే ఇక మీతో మాట్లాడరు, అంతే. ఎలా అన్నది కూడా అనుకుని ఉంటే ఒంటరిగా వదలకండి. మాత్రలు, పురుగుమందులు, ఆయుధాలు అందకుండా తీసేయండి. ఆ ఉధృతి చాలామందిలో కొద్దిసేపే ఉంటుంది, ఆ కాస్త సేపూ చేతికి ఏమీ అందకపోవడం ప్రాణం నిలబెడుతుంది. అదేరోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి, లేదా మీరున్నచోట ఉన్న హెల్ప్‌లైన్‌కి వాళ్ల పక్కన కూర్చుని మీరే కలపండి. ఇది చదువుతున్నది మీ కోసమే అయితే, ఇప్పుడే ఒక్క మనిషికి చెప్పండి, మాటలు సరిగ్గా కుదరకపోయినా సరే.

ఇంట్లోవాళ్లం ఏం చేయాలి, ఏం అనకూడదు?

"నీకేం తక్కువ?" అనకండి. ఈ ఒక్కటి మానేసినా సగం పని అయినట్టే. ఏమీ తక్కువ లేకుండానే ఇలా ఉంది కాబట్టే వాళ్లకి ఇంకా సిగ్గు.

ఓసీడీ ఉన్నవాళ్లు "తలుపు వేసే ఉందిగా?" అని పదోసారి అడిగితే "వేసే ఉంది" అని పదోసారి చెప్పడం సాయమనుకుంటాం, నిజానికి జబ్బుకి జీతమిస్తున్నాం. దీన్ని ఎలా తగ్గించాలో థెరపిస్ట్‌ని అడిగి, ఆ మనిషితో ముందే ఒప్పందం చేసుకోండి, ఒకరోజు పొద్దున్నే హఠాత్తుగా కఠినంగా మారిపోకండి. లేనిపోని అనుమానాలు ఉన్నవాళ్లతో అది నిజం కాదని వాదించకండి, నిజమేనని తలూపకండి కూడా. "నాకు అలా కనిపించట్లేదు, కానీ నీకు చాలా భయంగా ఉందని అర్థమవుతోంది" అనొచ్చు.

ఎన్నాళ్లు పడుతుంది? థెరపిస్ట్ నచ్చకపోతే?

పానిక్, ఫోబియా, మధ్యరకం డిప్రెషన్‌కి సీబీటీ అయితే వారానికొకసారి చొప్పున 12 నుంచి 20 సెషన్లు అనుకోవచ్చు, ఒకే ఒక్క ఫోబియా అయితే ఇంకా తక్కువ. చిన్నప్పటి గాయాలు, వ్యక్తిత్వ రుగ్మతలు అయితే ఏడాది, ఆపైన.

నచ్చకపోతే మార్చండి. ఏ పద్ధతి అన్నదానితోపాటు ఆ మనిషికీ మీకూ కుదిరిందా అన్నది కూడా ఫలితాన్ని తేలుస్తుంది. నేను ముందు వెళ్లినవారు గంటసేపు తన కథే చెప్పారు, రెండోసారి వెళ్లలేదు. అయితే అసౌకర్యంగా ఉండడం వేరు, అవమానంగా ఉండడం వేరు. ఆ స్ట్రా అసౌకర్యం. సెషన్‌లో చెప్పింది బయట చెప్పడం, మిమ్మల్ని చిన్నబుచ్చడం, లైంగికంగా దగ్గరవ్వాలని చూడడం, ఇవి జరిగితే అక్కడికక్కడే లేచి వచ్చేయండి. ఐదారు సెషన్లయినా ఏ లక్ష్యం కోసం వస్తున్నారో మీకు తెలియకపోతే అడగండి.

బాగయ్యాక మళ్లీ వస్తే?

రావచ్చు. డిప్రెషన్ ఒకసారి వచ్చినవాళ్లలో సుమారు సగం మందికి ఇంకోసారి వస్తుంది. అందుకే థెరపీ చివరి సెషన్లలో, ముందుగా ఏ గుర్తులు కనిపిస్తాయి, కనిపిస్తే ఏం చేయాలి, ఎవరికి ఫోన్ చేయాలి అని ఒక కాగితం రాయిస్తారు. నాది ఇంకా బీరువా తలుపు లోపలివైపు అంటించి ఉంది. మొదటి గుర్తు: "కారణాలు చెప్పి మెట్లెక్కడం." పోయిన నెల వారం రోజులు వరసగా, వ్యాయామం అని నాకు నేనే చెప్పుకుంటూ, మెట్లెక్కాను. ఎనిమిదో రోజు ఆ కాగితం కళ్లబడి, లిఫ్ట్‌లో పైకీ కిందికీ ఆరుసార్లు తిరిగాను. మూడోసారికి గుండె తన్నింది. ఆరోసారికి విసుగొచ్చింది.